కాన్ఫరెన్సులో లే డెలిగేట్ చేతిలో ఏముంది?

మెథడిస్ట్ రీజినల్ కాన్ఫరెన్స్ ఖతార్‌లో జరగదు. అయినా దాని గురించి అల్ రయ్యాన్‌లో కూర్చుని రాయడానికి కారణం ఉంది. జహీరాబాద్, వికారాబాద్, తాండూరు వైపు పల్లెల నుంచి వచ్చి ఇక్కడ ఏసీలు బాగుచేసేవాళ్లు, బండ్లు నడిపేవాళ్లు, ఇళ్లల్లో పనిచేసే అక్కలు, ఆస్పత్రుల్లో నర్సులు శుక్రవారం ఆరాధన ముగిశాక కబుర్లలో పడితే మాట చివరికి ఊళ్లోని సంఘం మీదికే వస్తుంది. కొత్త పాస్టరుగారు ఎవరట? పాత అయ్యగారిని ఎందుకు మార్చారు? మందిరం పక్క జాగా సంగతి ఏమైంది? స్లాబు కోసం మనం పంపిన డబ్బు పనికి చాలిందా, లేదా? ఈ ప్రశ్నల దారులన్నీ ఎక్కడో ఒకచోట ఏటా జరిగే కాన్ఫరెన్సును తాకుతాయి. అక్కడ మన సంఘం తరఫున కూర్చునే మామూలు విశ్వాసినే లే డెలిగేట్ అంటారు. ఆయన ఏం చేయగలడో, ఏం చేయలేడో ఇక్కడున్న చాలామందికి తెలియదు. ఊళ్లో ఉన్నవాళ్లకు కూడా అంతంతమాత్రమే తెలుసునని నా అనుమానం.

ఇక్కడి సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. అల్ రయ్యాన్ నుంచి కారులో కొద్దిసేపు ప్రయాణిస్తే అబూ హమూర్ దాటగానే మెసైమీర్‌లో చర్చిలన్నీ ఒకేచోట ఉండే ఆవరణ వస్తుంది. అప్పటి అమీర్ షేక్ హమద్ బిన్ ఖలీఫా అల్ థానీ ఇచ్చిన నేల అది. అక్కడి క్యాథలిక్ చర్చి 2008లో తెరుచుకుంది. ఆంగ్లికన్లు, గ్రీకు ఆర్థడాక్సులు, కాప్టిక్కులు, సిరియన్ క్రైస్తవులు, భారతీయ ప్రొటెస్టెంట్ సంఘాలు అన్నిటికీ ఆ ప్రహరీలోనే చోటు. బయటికి కనిపించేలా సిలువ ఉండదు. గేటు దగ్గర తనిఖీ ఉంటుంది. వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు కాబట్టి ఆదివారపు ఆరాధన ఇక్కడ శుక్రవారానికి మారింది. ఒక భాషవాళ్లు హాలు ఖాళీ చేస్తుంటే ఇంకో భాషవాళ్లు గుమ్మం దగ్గర పాటల పుస్తకాలు పట్టుకుని నిలబడి ఉంటారు. ఈ రద్దీలో తెలుగువాళ్లకు మెథడిస్టా, సి.ఎస్.ఐ.నా, బాప్టిస్టా అన్న తేడా దాదాపు చెరిగిపోతుంది. పక్క కుర్చీలో ఉన్నాయన ఏ సంఘం నుంచి వచ్చాడో ఎవరూ అడగరు. ఊరికి ఫోన్ చేసినప్పుడు మాత్రం ఆ తేడా మళ్లీ లేచి కూర్చుంటుంది.

ఆ తేడా ఎక్కడిదంటే, తెలుగు నేల మీదికి మెథడిస్టులు రెండు దారుల్లో వచ్చారు. ఇంగ్లండు నుంచి వచ్చిన వెస్లియన్ మిషన్ 1870ల చివర్లో సికింద్రాబాద్‌లో పని మొదలుపెట్టి మెదక్, కరీంనగర్, నిజామాబాద్ వైపు సాగింది. చార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించిన మెదక్ కెథడ్రల్‌ను 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడినప్పుడు ఈ వెస్లియన్లు ఆంగ్లికన్లతో, కాంగ్రిగేషనల్, ప్రెస్బిటీరియన్ సంఘాలతో కలిసిపోయారు. అందుకే మెదక్ ఈనాడు సి.ఎస్.ఐ. అధ్యక్ష మండలం.

రెండో దారి అమెరికాది. మెథడిస్ట్ ఎపిస్కోపల్ చర్చి తరఫున విలియం బట్లర్ 1856లో ఉత్తర భారతానికి వచ్చాడు. 1870లో వచ్చిన విలియం టేలర్ ప్రసంగాలతో ఆ పని దక్షిణానికి పాకింది. హైదరాబాద్‌లో చాపెల్ రోడ్డులోని స్టాన్లీ బాలికల పాఠశాల, అబిడ్స్ ప్రాంతపు మెథడిస్ట్ సంస్థలు, వికారాబాద్, జహీరాబాద్ పరిసరాల పల్లె సంఘాలు, నవంబరులో ధారూర్ దగ్గర గుడారాలు వేసుకుని జరుపుకునే క్రైస్తవ జాతర, ఇవన్నీ ఆ దారివే. ఈ దారి మెథడిస్టులు 1947 ఐక్యతలో చేరలేదు. 1970లో ఉత్తర ఇండియా సంఘం ఏర్పడే వేళకు చర్చల్లో చివరిదాకా ఉండి, ఆఖరి ఘట్టంలో వెనక్కి తగ్గారు. ఆ నిర్ణయం ప్రతినిధుల ఓటుతోనే తేలింది. 1981 జనవరి 7న వీళ్లే స్వయంప్రతిపత్తి గల మెథడిస్ట్ చర్చ్ ఇన్ ఇండియాగా నిలబడ్డారు. అమెరికా తల్లి సంఘంలో 'యాన్యువల్ కాన్ఫరెన్స్' అనేదాన్నే ఇండియాలో 'రీజినల్ కాన్ఫరెన్స్' అంటారు. మన తెలుగువాళ్లకు సంబంధించినది ముఖ్యంగా హైదరాబాద్ రీజినల్ కాన్ఫరెన్స్. మెదక్ మండలం వాళ్లు 'కాన్ఫరెన్స్' అన్నచోట 'డయోసీసన్ కౌన్సిల్' అని చదువుకుంటే ఈ వ్యాసంలో సగం వాళ్లకూ పనికొస్తుంది. వేరు ఒక్కటే కదా.

ఇక అసలు విషయానికి వద్దాం. అభిషేకం పొందని మనిషికి చర్చి సభలో కుర్చీ ఎలా దొరికింది?

మెథడిస్టుల్లో సామాన్యుడి అధికారం డబ్బు వసూలుతో మొదలైంది. నేను పరిహాసానికి చెప్పడం లేదు. 1742 ఫిబ్రవరిలో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో మెథడిస్టు ఉద్యమ స్థాపకుడు జాన్ వెస్లీ అనుచరుల మీద మందిరం కట్టిన అప్పు మిగిలిపోయింది. ఎలా తీర్చాలని కూర్చున్నప్పుడు ఫోయ్ అనే ఓడ కెప్టెను ఒక దారి చెప్పాడు: ప్రతి ఒక్కరూ వారానికి ఒక పెన్నీ ఇవ్వాలి. అంత ఇవ్వలేని బీదలు ఉన్నారు కదా అని ఎవరో అంటే, పదకొండు మందిని తనకు అప్పగించమని, ఇవ్వలేనివాళ్ల వంతు తానే వేసుకుంటానని ఆయన అన్నాడట. ఆ పన్నెండుమంది గుంపే 'క్లాస్' అయింది. పెన్నీ కోసం ఇల్లిల్లూ తిరిగిన నాయకుడికి ఎవరింట్లో జబ్బుందో, ఎవరు తాగి తగాదా పడుతున్నారో, ఎవరు ప్రార్థన మానేశారో తెలిసొచ్చింది. వసూలుదారు కాస్తా కాపరి అయ్యాడు. ఆ నాయకులు పాదిరీలు కారు. చెప్పులు కుట్టేవాళ్లు, గని కూలీలు, దుకాణదార్లు, వాళ్లలో ఆడవాళ్లు కూడా.

రెండేళ్లకు, 1744 జూన్ 25న, లండన్‌లోని ఫౌండరీ అనే పాత ఫిరంగుల కార్ఖానాలో మొదటి కాన్ఫరెన్స్ జరిగింది. హాజరైనవాళ్లు పదిమంది. వెస్లీ సోదరులు ఇద్దరు, మరో నలుగురు అభిషిక్త పాదిరీలు, నలుగురు లే బోధకులు. అంటే పుట్టుకలోనే ఈ సభలో అభిషేకం లేనివాళ్లున్నారు. కానీ ఆ నలుగురూ బోధకులు. వారానికి పెన్నీ ఇచ్చే మామూలు సభ్యుడికి కుర్చీ రావడానికి ఇంకా శతాబ్దం పైగా పట్టింది. 1784లో వెస్లీ తన తదనంతరం సభ ఎవరిదో చట్టబద్ధంగా రాసిచ్చినప్పుడు పేర్కొన్నది నూరుమంది బోధకులనే. అమెరికాలో ఈ విషయం మీదే తగువు ముదిరి, 1830లో కొందరు విడిపోయి మెథడిస్ట్ ప్రొటెస్టెంట్ చర్చి పెట్టుకున్నారు. అమెరికా మెథడిస్ట్ ఎపిస్కోపల్ చర్చి 1872లో తన జనరల్ కాన్ఫరెన్సులోకి లే ప్రతినిధులను రానిచ్చింది. ఇంగ్లండు వెస్లియన్లు 1878లో రానిచ్చారు.

అదీ మగవాళ్లనే. 1888లో అమెరికాలో ఐదుగురు స్త్రీలను లే ప్రతినిధులుగా ఎన్నుకుని పంపితే సభ వాళ్లను కూర్చోనివ్వలేదు. మద్యనిషేధ ఉద్యమంతో దేశమంతా పేరు తెలిసిన ఫ్రాన్సెస్ విల్లర్డ్ ఆ ఐదుగురిలో ఒకరు. 1904 వచ్చేదాకా ఆ తలుపు తెరుచుకోలేదు. మన పాస్టరేట్లలో, అంటే ఒక్కో పాస్టరు చూసే సంఘాల్లో, కానుకల లెక్క కచ్చితంగా ఉంచేది, స్త్రీల సమాజమైన డబ్ల్యు.ఎస్.సి.ఎస్. మీటింగులు నడిపేది, రోగుల ఇళ్లకు తిరిగేది ఎక్కువగా అక్కలే. డెలిగేటు పేరు అడిగేసరికి మాత్రం చాలాచోట్ల మొదట నోటికొచ్చేది మగవాళ్ల పేర్లే. ఎందుకిలా అని పాస్టరేట్ మీటింగులో ఒక్కరు లేచి అడిగినా ఆ ఏడాదికి అది మంచి పని.

నిర్మాణం అర్థం కావాలంటే గ్రామ పంచాయతీ, మండలం, జిల్లా పరిషత్తు, శాసనసభ వరసను మనసులో పెట్టుకోండి. కింద స్థానిక సంఘం, దాని పాస్టరేట్ కాన్ఫరెన్స్. కొన్ని పాస్టరేట్లు కలిస్తే డిస్ట్రిక్ట్, దాని మీద డి.ఎస్. అనే డిస్ట్రిక్ట్ సూపరింటెండెంట్. డిస్ట్రిక్టులన్నీ కలిసేది రీజినల్ కాన్ఫరెన్సులో, అక్కడ అధ్యక్షత బిషప్‌గారిది. అన్నిటి పైన నాలుగేళ్లకోసారి కూడే జనరల్ కాన్ఫరెన్స్. బిషప్పులను ఎన్నుకునేదీ, సంఘ నియమావళి అయిన 'డిసిప్లిన్' పుస్తకాన్ని మార్చేదీ అక్కడే. పోలిక ఇక్కడితో సరి. ఎందుకంటే శాసనసభలో ఓటరు పంపినవాళ్లే అందరూ. కాన్ఫరెన్సులో అలా కాదు, రెండు రకాల సభ్యులుంటారు. అభిషిక్త పాస్టర్లు తమ హోదా వల్లనే సభ్యులు, వాళ్లను ఎవరూ ఎన్నుకోనక్కర్లేదు. వాళ్ల సభ్యత్వం ఏ ఊరి సంఘంలోనూ ఉండదు, కాన్ఫరెన్సులోనే ఉంటుంది. లే డెలిగేటును మాత్రం తన పాస్టరేట్ ఎన్నుకుని పంపాలి. కాబట్టి ఆ హాలులో 'నన్ను ఫలానా ఊరి జనం పంపారు' అని చెప్పగల మనిషి లే డెలిగేటే. పాస్టరుగారి వెంట బ్యాగు మోసుకెళ్లే తోడుమనిషిగా ఆయన్ని చూసే అలవాటు మన దగ్గర ఉంది. అది పొరపాటు. కొందరు డెలిగేట్లు తమను తాము అలాగే చూసుకోవడం ఇంకా పెద్ద పొరపాటు.

హాలు లోపలికి వెళ్దాం. మెథడిస్ట్ కాన్ఫరెన్సులను చార్లెస్ వెస్లీ రాసిన ఒక కీర్తనతో ఆరంభించడం పాత ఆచారం. ఏడాది తర్వాత మళ్లీ ప్రాణాలతో ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నందుకు చేసే స్తుతి అది. వెస్లీ కాలంలో గుర్రాల మీద వానలో, చలిలో తిరిగే బోధకులకు మరుసటి ఏడాది కలుస్తామన్న భరోసా లేదు. ఆ ఏడాది చనిపోయిన పాస్టర్ల పేర్లు చదివి లేచి నిలబడే ఆరాధన కూడా ఈ సభల్లో ఉంటుంది. ఆ తర్వాత హాజరు పిలుపు. ఓటున్నవాళ్లు హాలులో ఎంతవరకు కూర్చోవాలో హద్దు ప్రకటించడం ఇంకో పాత ఆచారం. ఆ హద్దు లోపల ఉంటేనే చెయ్యెత్తినా, చీటీ వేసినా లెక్క. టీ తాగడానికి వెళ్లి గుమ్మం దగ్గరే ముచ్చట్లలో పడితే ఓటు పోయినట్టే.

తర్వాత రిపోర్టులు మొదలవుతాయి. డిస్ట్రిక్ట్ సూపరింటెండెంట్ల రిపోర్టులు, బడులు, హాస్టళ్లు, ఆస్పత్రులవి, స్త్రీల సమాజానివి, యువజనులవి, ఆస్తులవి, ట్రెజరరుగారిది. రిపోర్టుల పూటల్లో హాలులో కునుకు తీసే తలలు చాలానే కనిపిస్తాయి. నిజానికి లే డెలిగేటు పని మొదలయ్యేది అప్పుడే. అందులోనూ ముఖ్యమైనది ట్రెజరరు పట్టిక.

దాన్ని కొంచెం దగ్గరగా చూద్దాం. పట్టికలో ఒక్కో పాస్టరేట్ పేరుకు ఎదురుగా వరసగా గడులుంటాయి. ఏడాదికి కట్టవలసిన మొత్తం, దీన్నే చాలాచోట్ల అసెస్‌మెంట్ అంటారు. పక్కన కట్టినది, ఆ పక్కన బాకీ. పాస్టర్ల జీతాలు, పింఛన్లు, పరిపాలన ఖర్చులు నడిచేది ఈ సొమ్ముతోనే. ఒక ఊహా లెక్క చెప్తాను. మన పాస్టరేట్‌కు 60,000 రూపాయలు వేశారనుకోండి. పట్టికలో 41,000 కట్టినట్టుంది. మన ఊరి కోశాధికారి దగ్గరున్న రసీదుల ప్రకారం కట్టింది 52,000. తేడా 11,000. ఇది దొంగతనమే కానక్కర్లేదు. డబ్బు ఆలస్యంగా జమై వచ్చే ఏడాది లెక్కలోకి పోయి ఉండొచ్చు, వేరే పద్దులో పడి ఉండొచ్చు, అంకె తప్పు అచ్చయి ఉండొచ్చు. రసీదుల జిరాక్సులు చేతిలో ఉన్న డెలిగేటు అరనిమిషంలో అడిగి రికార్డులో రాయిస్తాడు. లేని డెలిగేటు ఇంటికొచ్చాక అరుగు మీద కూర్చుని గొణుగుతాడు. సభ రిపోర్టును ఆమోదించాక ఆ గొణుగుడికి విలువ చాలా తక్కువ. పై ఏడాదికి మన పేరు మీద బాకీ అలాగే నిలుస్తుంది.

ఒక శుక్రవారం ఆరాధన అయ్యాక ఒకాయన ఊళ్లో ఉన్న అన్నతో ఫోన్లో మాట్లాడుతుంటే స్పీకరు పుణ్యమా అని చుట్టుపక్కల అందరికీ వినపడింది.

"అన్నా, నిన్నే పంపుతున్నరంట గద కాన్ఫరెన్సుకు. రిపోర్టు బుక్కు ఒచ్చిందా?"

"ఒచ్చింది తమ్మీ. గింత లావున్నది. ఆడికి పోయినంక సూస్త."

"ఆడికి పోయినంక సూసుడేందే! ట్రెజరర్ పేజీ ఫోటో కొట్టి పంపు, నేను సూస్త. నువ్వు రసీదు బుక్కు ఎంబడి తీస్కపో."

ఈ తమ్ముడికి ఓటు లేదు, సభలో కుర్చీ లేదు. అయినా లే డెలిగేటు బాధ్యత ఏమిటో ఈ మూడు ముక్కల కన్నా బాగా నేను చెప్పలేను.

తీర్మానాల పద్ధతి కూడా కొంత తెలిసి ఉండాలి. ఏ విషయమైనా సభ ముందుకు రావాలంటే ఒకరు ప్రతిపాదించాలి, మరొకరు బలపరచాలి. దాన్ని మార్చాలనుకుంటే సవరణ పెట్టాలి. సవరణ మీద ముందు ఓటు, అసలు తీర్మానం మీద తర్వాత. నియమం తప్పుతోందనిపిస్తే 'పాయింట్ ఆఫ్ ఆర్డర్' అని లేవొచ్చు. అలా లేచినప్పుడు అధ్యక్షుడు తప్పనిసరిగా వినాలి. చాలా ముఖ్యమైన పని కమిటీల్లోనే సగం అయిపోతుంది, పెద్ద సభకు వచ్చేది వండిన అన్నమే. కాబట్టి మన ఊరి జాగా తగాదా లాంటిది ఉంటే సభ రోజున మైకు కోసం పరిగెత్తడం కన్నా, నెల ముందే పాస్టరేట్ తీర్మానం కాయితం మీద రాయించి, సంతకాలు పెట్టించి డి.ఎస్.గారి ద్వారా పంపడం నయం. మందిరం కూలగొట్టాలన్నా, స్థలం లీజుకివ్వాలన్నా, అమ్మాలన్నా అది ఊరి పెద్దలు నలుగురు కూర్చుని తేల్చేసే వ్యవహారం కాదు. మెథడిస్టుల్లో ఆస్తి సంఘం పేరున ఉన్నా మొత్తం చర్చి కోసం ట్రస్టుగా పట్టుకున్నదే. ఊరి సంఘాలకు ఈ నియమం చేదుగా తోస్తుంది, 'మేం కట్టుకున్న గుడి కదా' అనిపిస్తుంది. కానీ నగరాల్లో చర్చి స్థలాల విలువ ఆకాశాన్ని అంటిన ఈ రోజుల్లో నలుగురి సంతకాలతో ఆస్తి చేతులు మారకుండా అడ్డుపడగలిగేదీ ఈ నియమమే. పట్టించుకునే డెలిగేటు ఉంటేనే అనుకోండి.

ఆఖరి రోజు అందరూ ఎదురుచూసేది అపాయింట్‌మెంట్ల కోసం. ఏ పాస్టరు ఏ పాస్టరేట్‌కు వెళ్లాలో బిషప్‌గారు చదువుతారు. మెథడిస్ట్ పాస్టరు తనకు నచ్చిన ఊరు కోరుకుని ఉండిపోయే ఉద్యోగి కాదు. పంపినచోటికి వెళ్లాలన్నది వెస్లీ నాటి నియమం. డి.ఎస్.లతో సంప్రదించి బిషప్పు వేసే ఈ జాబితా మీద సభలో ఓటింగు ఉండదు. అందుకే 'మా అయ్యగారిని మార్చొద్దు' అని గానీ, 'మార్చి తీరాలి' అని గానీ ఆ రోజు హాలులో లేచి గొడవ చేసినా ఫలితం ఉండదు. పాస్టరేట్ అభిప్రాయాన్ని ముందుగా, మర్యాదగా డి.ఎస్.కు చేర్చడమే డెలిగేటు చేయగలది. పిల్లల చదువు మధ్యలో బడి మార్చాల్సి వచ్చే పాస్టరమ్మగారి ఇబ్బంది గురించి కూడా అదే ఉత్తరంలో ఒక మాట రాస్తే బాగుంటుంది. ఆ మాట సాధారణంగా ఎవరూ రాయరు.

లే డెలిగేటు ఓటుకు ఇంకో హద్దు కూడా ఉంది. ఎవరిని అభిషేకించాలి, ఏ పాస్టరు నడవడి ఎలాంటిది, ఎవరిని కాన్ఫరెన్స్ సభ్యత్వంలోకి తీసుకోవాలి అన్న విషయాలు మెథడిస్ట్ సంప్రదాయంలో అభిషిక్తుల ఓటుకే వదిలారు. వృత్తిలో ఉన్నవాళ్లే తమలో తమకు జవాబుదారులై ఉండాలన్నది దాని వెనక వాదన. బయటి గాలి సోకకపోతే తప్పులు లోపలే కప్పబడతాయన్నది ఎదుటి వాదన. నాకు రెండోదే బలంగా కనిపిస్తుంది. అమెరికా యునైటెడ్ మెథడిస్టులు అభ్యర్థులను పరీక్షించే బోర్డులోకి లే సభ్యులను తెచ్చుకున్నారు. అలాంటి ఏర్పాటు ప్రతిచోటా ఉండాలి.

జనరల్ కాన్ఫరెన్స్ వచ్చే ముందటి రీజినల్ కాన్ఫరెన్సులో పని ఇంకా బరువెక్కుతుంది. పైసభకు వెళ్లే ప్రతినిధులను ఎన్నుకునేది అప్పుడే. మెథడిస్ట్ పద్ధతిలో పాస్టర్లు పాస్టర్లను, లే సభ్యులు లే సభ్యులను ఎన్నుకుంటారు. అలా వెళ్లినవాళ్లు అక్కడ బిషప్పులను ఎన్నుకుంటారు. ఒక భారతీయుడు మెథడిస్ట్ బిషప్పు కావడానికి 1930-31 దాకా ఆగాల్సి వచ్చింది. జశ్వంత్ రావు చితంబర్ మొదటివారు. ఆయన్ని ఎన్నుకున్నది న్యూయార్క్ కార్యాలయం కాదు, ఇండియాలోని ప్రతినిధుల సభే. మన డెలిగేటు వేసే చీటీకి, బిషప్పు కుర్చీకి మధ్య ఉన్న దూరం రెండు మెట్లే. ఆ సంగతి పోటీలో ఉన్నవాళ్లకు బాగా తెలుసు. అందుకే ఎన్నికల ఏడాది డెలిగేటుకు ఉన్నట్టుండి కొత్త చుట్టాలు పుట్టుకొస్తారు, గ్రూపులవాళ్లు బస, భోజనం చూసుకుంటామంటారు. భోజనం తినడం మానమని నేను చెప్పను. చీటీ మీద పేరు మాత్రం ఊరి నుంచి బయల్దేరేటప్పుడు పాస్టరేట్‌లో నలుగురితో ఆలోచించి అనుకున్నదే అయి ఉండాలి.

ఈ ఓట్లు ఉత్తుత్తివి కావు అనడానికి దూరపు ఉదాహరణ ఒకటి. 2019లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో యునైటెడ్ మెథడిస్ట్ చర్చి ప్రత్యేక జనరల్ కాన్ఫరెన్స్ స్వలింగ సంబంధాల విషయంలో పాత నియమాలను నిలబెట్టింది. అనుకూలం 438, వ్యతిరేకం 384. తేడా 54 ఓట్లు. సగం కుర్చీలు లే ప్రతినిధులవి. ఆ తర్వాత నాలుగైదేళ్లలో అమెరికాలో వేల సంఘాలు ఆ చర్చిని విడిచిపోయాయి. 2024లో షార్లెట్‌లో కూడిన సభ ఆ నియమాలను తీసేసింది. మెథడిస్ట్ చర్చ్ ఇన్ ఇండియా స్వతంత్రం కాబట్టి ఆ తీర్పులు మనకు వర్తించవు. కానీ యాభై నాలుగు చేతులు ఒక ప్రపంచ సంఘాన్ని ఎటు తిప్పగలవో చూడొచ్చు.

మరి అల్ రయ్యాన్‌లో ఉన్న మనిషి లే డెలిగేటు కాగలడా? కాయితం మీద ప్రధానమైన అర్హత పాస్టరేట్ సభ్యత్వ పుస్తకంలో పేరుండడం, సంఘం ఎన్నుకోవడం. ఆచరణలో కష్టం. డెలిగేటు ఏడాది పొడవునా ఊళ్లో ఉండి సంఘం పని చూడాలి, ముందు మీటింగులకు వెళ్లాలి. మనవాళ్లకు సెలవు దొరికేది ఏడాదికో, రెండేళ్లకో. ఒకప్పుడైతే దేశం దాటడానికి యజమాని ఎగ్జిట్ పర్మిట్ ఇవ్వాల్సి వచ్చేది. 2018లో ఎక్కువమందికి, 2020లో ఇళ్లల్లో పనిచేసేవాళ్లతో సహా మిగిలినవాళ్లలో చాలామందికి ఆ నిబంధన తొలగింది. అయినా విమానం టికెట్టు పెట్టుకుని కాన్ఫరెన్సుకు వెళ్లిరావడం ఎవరి తాహతు? పక్కనే ఉన్న ఆంగ్లికన్లను చూడండి. ఖతార్‌లోని ఎపిఫనీ చర్చి సైప్రస్, గల్ఫ్ డయోసీసులో భాగం. ఇక్కడి సభ్యులే తమ లే ప్రతినిధులను ఎన్నుకుని సైప్రస్‌లో జరిగే సినడ్‌కు పంపుతారు. బతుకుతున్నచోటే వాళ్లకు ఓటుంది. మన తెలుగు మెథడిస్టు డబ్బు పంపేది ఒక దేశం నుంచి, ఓటుండేది ఇంకో దేశంలో. బ్రిస్టల్‌లో పెన్నీ ఇచ్చినవాడికి 136 ఏళ్లకు కుర్చీ దొరికింది. రియాళ్లు పంపేవాడికి ఇంకా దొరకలేదు. వలసపోయిన సభ్యుల తరఫున ఒకరిద్దరు ప్రతినిధులకు చోటివ్వమని పాస్టరేట్ల నుంచే తీర్మానం పైకి పోవాలి. దాన్ని పంపించే దారి పైన చెప్పాను.

డబ్బు మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. ఖతార్‌లో అనుమతి లేకుండా విరాళాలు వసూలు చేయడం చట్టవిరుద్ధం. క్యాంపులో పుస్తకం పట్టుకుని చందాలు పోగుచేయకండి. ఇండియా వైపు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం ఉంది. భారత పౌరసత్వం ఉన్న మనిషి విదేశంలో సంపాదించిన తన సొంత డబ్బును బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. పౌరసత్వం మార్చుకున్న బంధువు పంపితే వస్తుంది. విదేశంలోని సంస్థ పేరు మీద పంపితే వస్తుంది. అప్పుడు తీసుకునే సంఘానికి ఆ చట్టం కింద రిజిస్ట్రేషన్ గానీ, ముందస్తు అనుమతి గానీ ఉండాలి. ఎవరిది వాళ్లు, తమ ఖాతా నుంచి, సంఘం ఖాతాకే పంపి రసీదు అడగడం మేలు. ఊళ్లో ఎవరి సొంత ఖాతాకో వేసిన డబ్బు ఏ ట్రెజరరు పట్టికలోనూ కనిపించదు. కనిపించనిదాని గురించి ఏ డెలిగేటూ అడగలేడు.

కాబట్టి ఈ వారం ఊరికి ఫోన్ చేసినప్పుడు మూడు విషయాలు కనుక్కోండి. మీ పేరు పాస్టరేట్ సభ్యత్వ పుస్తకంలో ఇంకా ఉందా, లేదా? ఈసారి డెలిగేటు ఎవరు? ఆయన తిరిగొచ్చాక సంఘం ముందు నిలబడి రిపోర్టు చెప్తారా? పేరు లేకపోతే ముందు అది రాయించండి. డెలిగేటు తెలిసినవాడైతే రిపోర్టు పుస్తకం ఫోటోలు తీసి పంపమనండి, మీకు కనిపించిన తేడాలు కాన్ఫరెన్సు మొదలవకముందే ఆయనకు చెప్పండి.